పాత కంప్యూటరును బాగుచేసుకోవడమా? కొత్త లాప్‌టాప్ కొనడమా?
పాడి కుటుంబాలకు కొన్ని సూచనలు

మన సంఘాలకు పాలు పోసే సభ్యులలో కొందరి ఇండ్లలో ఇప్పుడు బల్లమీద పెట్టుకొనే కంప్యూటరు ఒకటి ఉంటున్నది. 2020లో కరోనా వలన బడులు, కాలేజీలు మూతపడి పాఠాలు ఇంటికే వచ్చినప్పుడు కొందరు కొన్నారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న కొడుకో, అల్లుడో కొత్తది కొనుక్కొని పాతది పంపిస్తే మరికొందరు తెచ్చుకున్నారు. ఆ మిషను ఇప్పుడు మందగించింది. స్విచ్చి వేసి, గేదెకు కుడితి పెట్టి వచ్చినా అది ఇంకా తెరుచుకోలేదు. డిగ్రీకి వచ్చిన పిల్లలు లాప్‌టాప్ అడుగుతున్నారు. తండ్రి పాల బిల్లు చూసుకొని ఆలోచనలో పడుతున్నాడు.

ఈ సమస్య ఒక ఊరిది కాదు. కాని మేము ఈ వ్యాసంలో భోగాపురం మండలాన్ని దృష్టిలో ఉంచుకొని చెబుతున్నాము. ఒక పక్క సముద్రం, మధ్యగా 16వ నంబరు జాతీయ రహదారి, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయానికి చోటిచ్చిన మండలం అది. కంప్యూటరు అవసరం పెరుగుతున్నది. ఉప్పుగాలి, తుఫాను, కరెంటు కోత అనే మూడు శత్రువులూ కంప్యూటరుకు అక్కడే ఉన్నాయి. కనుక అక్కడి ఇంటికి సరిపోయే సలహా మిగిలిన తీరప్రాంత గ్రామాలకు కూడా సరిపోతుంది.

మా అభిప్రాయం ముందే చెబుతాము. మదర్‌బోర్డు బాగుండి, కంప్యూటరు ఇంట్లోనే ఉండి పనిచేయవలసినదైతే, నూటికి ఎక్కువ సందర్భాలలో పాతదానిని బాగుచేసుకోవడమే లాభం. ఎందుకో, ఎట్లాగో, ఏ సందర్భంలో చేయకూడదో ఈ క్రింద వివరిస్తున్నాము.

ముందుగా పాల లెక్క

ఏ ఖర్చునైనా రూపాయలలో చెప్పితే ఒక మాదిరిగా ఉంటుంది, పాలలో చెప్పితే ఇంకొక మాదిరిగా ఉంటుంది. లెక్క సులభంగా ఉండటానికి ఒక కుటుంబం రోజుకు 6 లీటర్ల పాలు పోస్తున్నదనీ, లీటరుకు సగటున 50 రూపాయలు వస్తున్నదనీ అనుకుందాం. రోజుకు 300, పదిహేను రోజుల బిల్లు 4,500 రూపాయలు. ఇందులో తవుడు, తెలగపిండి, గడ్డి, మందులు సగం తినివేస్తే ఇంటికి మిగిలేది 2,250.

లాప్‌టాప్ ధర 45,000 అయితే, దానికి 20 బిల్లుల మిగులు కావాలి. అంటే 300 రోజులు. పశువైద్యులు ఒక ఈత పాల దిగుబడిని 305 రోజులకు లెక్కకడతారు. కాబట్టి ఆ లాప్‌టాప్ ఖరీదు ఒక ఈత మొత్తం మీద ఇంటికి వచ్చే మిగులు. అదే పాత కంప్యూటరుకు రెండు సామానులు మార్చి, శుభ్రం చేయించడానికి 7,500 అయితే, 50 రోజులలో తీరిపోతుంది. సభ్యులు తమ పాలు, తమ ధర, తమ దుకాణదారు చెప్పిన అంకెలు వేసుకొని ఈ లెక్కను మళ్ళీ కట్టుకోవాలి. వాయిదాల మీద కొనేవారు వడ్డీని కూడా కలుపుకోవాలి.

మిషను ఎందుకు మందగిస్తుంది?

గేదె పాలు తగ్గించినంత మాత్రాన సంతకు తోలేయము. దాణా తగ్గిందా, చూడి కట్టిందా, పొదుగువాపు ఉన్నదా, నులిపురుగులు ఉన్నవా అని చూస్తాము. కంప్యూటరు విషయంలో కూడా ముందు కారణం వెదకాలి. సాధారణంగా కారణాలు ఐదు.

మొదటిది హార్డ్ డిస్క్. పాత కంప్యూటర్లలో సమాచారం నిలువ ఉండేది తిరిగే పళ్ళెం మీద. ఆ పళ్ళెం నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరుగుతుంది. దానిపైన ఒక సూదివంటి చేయి అటూ ఇటూ కదిలి కావలసిన చోటు వెదకాలి. ఒక్కొక్క వెదుకులాటకు సుమారు సెకనులో నూరవ వంతు పడుతుంది. వినడానికి స్వల్పమే గాని, కంప్యూటరు తెరుచుకొనేటప్పుడు ఇటువంటి వెదుకులాటలు వేలకొద్దీ ఉంటాయి. దీనికి బదులుగా వచ్చిన ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమే లేదు, అంతా చిప్పులే. ఆ వెదుకులాట అందులో దాదాపు వంద రెట్లు త్వరగా జరుగుతుంది. పాత మిషనుకు ఒక్క మార్పే చేయించగలిగితే ఇదే చేయించాలి.

రెండవది మెమరీ, అంటే ర్యామ్. ఇది గిన్నెలు కడిగి పెట్టుకొనే అరుగు వంటిది. అరుగు చిన్నదైతే ఒక గిన్నె పెట్టడానికి ఇంకొకటి లోపలికి తీసుకుపోవాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషనులో నాలుగు వెబ్ పేజీలు తెరిచేసరికి అరుగు నిండిపోతుంది. అప్పుడు కంప్యూటరు మిగిలిన పనిని హార్డ్ డిస్క్ మీదికి నెట్టుతుంది. డిస్కు నిదానం కనుక అంతా నిదానమైపోతుంది.

మూడవది వేడి. ప్రాసెసరు మీద ఉన్న పంకాలో, దాని క్రింది అల్యూమినియం రేకులలో దుమ్ము చాపలాగా అల్లుకుంటుంది. ప్రాసెసరుకూ ఆ రేకులకూ మధ్య పూసే ముద్ద కొన్నేళ్ళకు ఎండిపోతుంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎండలో కట్టిన గేదె మేత తగ్గించినట్లే.

నాలుగవది మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బిళ్ళ బ్యాటరీ. ఇది అయిపోతే స్విచ్చి తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్లు "ఇది సురక్షితం కాదు" అని తెరుచుకోవు. మిషను పాడయిందని చాలా మంది భయపడేది ఇక్కడే. బిళ్ళ మార్చి తేదీ సరిచేస్తే సరిపోతుంది. చేతి గడియారాల దుకాణంలో కూడా ఈ బిళ్ళ దొరుకుతుంది. 2032 అని దానిమీద వ్రాసి ఉంటుంది.

ఐదవది అక్కరలేని ప్రోగ్రాములు. ఎప్పుడో ఎవరో వేసిన ఆటలు, రెండు మూడు యాంటీవైరస్‌లు స్విచ్చి వేయగానే లేచి కూర్చుంటాయి. వీటిని తీసివేయడానికి కానీ ఖర్చు లేదు.

మీరే పరీక్షించుకొనే పద్ధతి

దుకాణానికి తీసుకుపోయే ముందు ఇంట్లో చదువుకున్న పిల్లలచేత ఈ పరీక్ష చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒక్కసారిగా నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు అనే మూడింటికి ఎదురుగా శాతం కనిపిస్తుంది. రోజూ చేసే పనులు చేస్తూ పది నిమిషాలు గమనించండి.

డిస్కు తరచు నూటికి నూరు చూపిస్తుంటే ఎస్.ఎస్.డి. వేయించాలి. మెమరీ 85, 90 దాటి నిలబడితే ర్యామ్ పెంచాలి. ఈ రెండూ తక్కువగా ఉండి ప్రాసెసరు ఒక్కటే ఎప్పుడూ నూరు దగ్గర ఉంటే, ముందుగా దుమ్ము, అక్కరలేని ప్రోగ్రాములు, వైరస్ చూడాలి. అవి తీసివేసినా తగ్గకపోతే ఆ మిషను పనికి చాలడం లేదన్నమాట. దానిమీద పెద్ద ఖర్చు పెట్టవద్దు.

అదే పట్టికలో ప్రాసెసరు పేరు కూడా ఉంటుంది. దానిని కాగితం మీద వ్రాసుకోండి. దుకాణంలో మొదట అడిగేది అదే.

పనులు చేయవలసిన వరుస

1. ముందు నకలు తీసుకోవాలి. ఫొటోలు, మార్కుల జాబితాలు, పాసుపుస్తకాల నకళ్ళు, సంఘం లెక్కలు ఏవి ఉన్నా వేరే పెన్‌డ్రైవులోనో, బయటి డిస్కులోనో ఎక్కించి, తెరిచి చూసి, తర్వాతనే మిగిలిన పని మొదలుపెట్టాలి.

2. శుభ్రం చేయాలి. ప్లగ్గు పీకి, పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, లోపల మిగిలిన కరెంటు పోనివ్వాలి. కేబినెట్ ఇనుమును ఒకసారి చేతితో తాకి, తర్వాత మెత్తని కుంచెతో దుమ్ము తీయాలి. ర్యామ్ కడ్డీని తీసి, దాని ఇత్తడి రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది, తిరిగి బిగించాలి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో స్విచ్చి వేయగానే కూతపెట్టి ఆగిపోయే మిషన్లు కొన్ని ఈ ఒక్క పనితోనే లేచి కూర్చుంటాయి. కరెంటు సరఫరా చేసే ఇనుప పెట్టెను మాత్రం ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

3. ఎస్.ఎస్.డి. బిగించాలి. మామూలు ఇంటి పనికి 256 జీబీ సరిపోతుంది. ఎక్కువ వీడియోలు దాచేవారికి 512 కావాలి. పాత హార్డ్ డిస్కును పారవేయనక్కరలేదు. దానిని కూడా లోపలే ఉంచి, ఫొటోలకు, పాత ఫైళ్ళకు గాదెలాగా వాడుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. పాత డిస్కు పాడయ్యే ముందు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఎస్.ఎస్.డి. చాలాసార్లు చెప్పకుండానే ఆగిపోతుంది. కనుక ముఖ్యమైన కాగితాలు ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి.

4. ర్యామ్ పెంచాలి. చదువుకు, బ్యాంకు పనికి, లెక్కలకు 8 జీబీ చాలు. ర్యామ్‌లో జాతులున్నాయి. డీడీఆర్ 3 కడ్డీకి 240 పిన్నులు, డీడీఆర్ 4కు 288. గాడి కూడా వేరే చోట ఉంటుంది. ఒకదాని స్థానంలో ఇంకొకటి దూరదు, బలవంతం చేస్తే బోర్డు విరుగుతుంది. ఉన్న కడ్డీని వెంట తీసుకుపోయి దానికి జోడీ అడగడం మంచిది.

5. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించాలి. పాతదానిని ఉన్నదున్నట్లు ఎస్.ఎస్.డి. మీదికి మార్చవచ్చు గాని, పాత చెత్త కూడా దానితో వస్తుంది. క్రొత్తగా ఎక్కించితే మిషను తేలికపడుతుంది.

ఈ ఐదు పనులు అయిన తర్వాత నిముషాలు పట్టిన తెరుచుకోవడం సెకన్లలోకి వస్తుంది.

విండోస్ 10 సంగతి

మైక్రోసాఫ్ట్ కంపెనీ 2015లో విడుదల చేసిన విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సహాయం ఆపివేసింది. ఇళ్ళలో వాడేవారు నమోదు చేసుకుంటే, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు ఇస్తానని గడువు పెట్టింది. సహాయం ఆగినంత మాత్రాన మిషను ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మందు ఉండదు. టీకా వేయించని పశువు ఈరోజు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. గాలికుంటు వచ్చిన రోజున తెలుస్తుంది. ఇంట్లో బ్యాంకు పని చేసే కంప్యూటరును అట్లా వదిలిపెట్టరాదు.

విండోస్ 11కు కొన్ని షరతులున్నాయి. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, అంగీకరించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. స్థూలంగా ఇంటెల్‌లో 8వ తరం నుండి, ఏ.ఎమ్.డి.లో రైజెన్ 2000 వరుస నుండి అంగీకారం ఉన్నది. 2018 తర్వాత తయారైన మిషన్లలో చాలా వాటికి ఈ అర్హత ఉంటుంది. కొన్నిటిలో టీపీఎమ్ ఉండి కూడా లోపల అమరికలో ఆపివేసి ఉంటుంది. మెకానిక్కు దానిని వేయగలడు. "మీ మిషను పనికిరాదు" అని తెరమీద కనబడగానే అమ్మివేయకుండా ముందు ఈ సంగతి అడగండి.

అర్హత లేని మిషను ఉన్నవారికి కూడా దారి ఉంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరుకుతుంది. ఉబుంటు, లైనక్స్ మింట్ అనేవి అందులో బాగా వాడుకలో ఉన్నవి. వెబ్‌సైట్లు చూడటం, వీడియో పాఠాలు వినడం, తెలుగులో టైపు చేయడం, లిబ్రె ఆఫీస్‌లో లెక్కలు కట్టడం అన్నీ జరుగుతాయి. విండోస్ మీదనే పనిచేసే ప్రత్యేకమైన ప్రోగ్రాము, ఉదాహరణకు ట్యాలీ, పిల్లల చదువుకు కావలసి ఉంటే మాత్రం లైనక్స్ ఎక్కించే ముందు ఆలోచించాలి. దొంగ విండోస్‌ను వందకో రెండు వందలకో ఎక్కిస్తామనేవారిని నమ్మవద్దు. అటువంటి వాటితోపాటు ఏమి ఎక్కుతుందో మనకు తెలియదు.

మెమరీ ధరలు ఎందుకు పెరిగాయి?

పోయిన సంవత్సరాల ధర గుర్తుపెట్టుకొని దుకాణానికి వెళ్ళే సభ్యుడు ఆశ్చర్యపోతాడు. 2025 చివరి నుండి ర్యామ్ ధర కొన్ని నెలలలోనే రెట్టింపును మించి పెరిగింది. ఎస్.ఎస్.డి.ల ధర కూడా పెరిగింది. దీనికి కారణం దుకాణదారు దురాశ కాదు. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతటా పెద్ద పెద్ద డేటా సెంటర్లు కడుతున్నారు. వాటికి మెమరీ చిప్పులు కొండలకొద్దీ కావాలి. ఆ చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో మూడే: శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్. పెద్ద కొనుగోలుదారు టోకున అడిగితే చిల్లర దుకాణానికి మిగిలేది తగ్గుతుంది. మైక్రాన్ అయితే క్రూషియల్ అనే పేరుతో ఇండ్ల వాడకానికి అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. పెళ్ళిళ్ళ నెలలో టోకు కాంట్రాక్టరు ఊరి పాలన్నీ ఎత్తుకుపోతే కాఫీకి పాలు కరువైనట్లే ఇది.

ఇందులో మన ప్రాంతానికి ఒక సంబంధం ఉన్నది. విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ డేటా సెంటరు కడతామని గూగుల్ ప్రకటించినది 2025 అక్టోబరు 14నాడే. విండోస్ 10కు సహాయం ఆగిన రోజూ అదే. ఒకే రోజున పాత మిషనుకు గడువు తీరింది, కొత్త సామానుకు గిరాకీ పెంచే పనికి మన ముంగిటే కబురు వచ్చింది.

లాప్‌టాప్‌లో కూడా ఇవే చిప్పులు ఉంటాయి గనుక దాని ధర కూడా పెరగకుండా ఉండదు. కాబట్టి మన దగ్గర ఇప్పటికే ఉన్న ర్యామ్ కడ్డీకి విలువ పెరిగింది. పాడయిన మిషనులోనిదైనా ఊరికే ఇచ్చివేయవద్దు. రెండు పాత మిషన్లు ఉన్న అన్నదమ్ములు ఒకదానిలోని ర్యామ్ రెండవదానిలో వేసుకొని, ఎస్.ఎస్.డి. ఒక్కటి కొంటే చాలు. కడ్డీలు ఒకే జాతివి అయితే ఈ పని సాధ్యం.

బల్ల కంప్యూటరుకు ఉన్న సుగుణం

బల్ల కంప్యూటరులో భాగాలు విడివిడిగా ఉంటాయి. 1995లో ఇంటెల్ కంపెనీ తెచ్చిన ఏ.టి.ఎక్స్. అనే కొలతల పద్ధతి వలన ఒక కంపెనీ బోర్డు మరొక కంపెనీ పెట్టెలో పడుతుంది. ఏ భాగం పోతే ఆ భాగం మార్చుకోవచ్చు. తెర పోతే తెర, మీటల పలక పోతే మీటల పలక. మీటల పలక మీద టీ ఒలికితే లాప్‌టాప్‌లో లోపలి బోర్డు వరకు పోవచ్చు. ఇక్కడ కొన్ని వందల రూపాయలతో సరి. ఇప్పుడు వచ్చే పలుచని లాప్‌టాప్‌లలో చాలా వాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తున్నారు. కొన్న రోజున ఎంత ఉన్నదో చివరి వరకు అంతే. బ్యాటరీ కూడా కొన్నేళ్ళకు బలహీనపడి మార్చవలసి వస్తుంది.

లాప్‌టాప్‌కు ఉన్న మంచిని కూడా చెప్పాలి. అది కరెంటు తక్కువ తింటుంది. బల్ల కంప్యూటరు తెరతో కలిసి 120 వాట్లు, లాప్‌టాప్ 45 వాట్లు అనుకొని రోజుకు 4 గంటలు వాడితే, నెలకు ఒకటి సుమారు 14 యూనిట్లు, రెండవది 5 యూనిట్లు కాలుస్తుంది. తేడా నెలకు 9 యూనిట్లు. ఈ పొదుపు పెద్ద ధరను పూడ్చేటంతటిది కాదు.

సముద్రపు గాలి, కరెంటు, తుఫాను

తీరపు ఊళ్ళలో గాలిలోని ఉప్పు, తేమ కలిసి లోహపు అంచులను తినివేస్తాయి. దీనికి మందు వాడకమే. వారానికి రెండు మూడుసార్లయినా గంటసేపు మిషను నడిపితే ఆ వేడికి తేమ పోతుంది. నెలలకొద్దీ మూతవేసి ఉంచిన మిషనే ముందు చెడిపోతుంది. నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పరాదు, ఆపి చల్లారిన తర్వాత కప్పాలి. సముద్రం వైపు కిటికీ పక్కన, పశువుల పాక గోడకు ఆనుకొని, తవుడు బస్తాలున్న గదిలో పెట్టరాదు. వెనుక ఖాళీగా ఉన్న రంధ్రాలను రేకు బిళ్ళలతో మూయించాలి. లేకపోతే బల్లులు దూరి గుడ్లు పెడతాయి.

కరెంటు టక్కున పోయినప్పుడు డిస్కు వ్రాస్తున్న ఫైలు పాడవుతుంది. 600 వీఏ యూ.పీ.ఎస్. ఒకటి ఉంటే పది నిమిషాలు దొరుకుతుంది. పని దాచుకొని మిషను ఆపుకోవడానికి అది చాలు. అందులోని బ్యాటరీ రెండు మూడేళ్ళకు మార్చుకోవాలి. ఎర్తు సరిగా ఉన్నదో లేదో వైరింగు పనివానిచేత చూపించండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలలో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసింది. తుఫాను హెచ్చరిక రాగానే ప్లగ్గు, ఇంటర్నెట్టు తీగ రెండూ పీకివేయాలి. పిడుగు ఆ తీగ వెంట కూడా వస్తుంది. మిషనును నేలమీద నుండి ఎత్తి, ప్లాస్టిక్కు సంచిలో చుట్టి ఎత్తయిన చోట పెట్టాలి. ముఖ్యమైన కాగితాల పెన్‌డ్రైవును పాసుపుస్తకాలతోపాటు దాచాలి. కరెంటు తిరిగి వచ్చిన వెంటనే స్విచ్చి వేయక, వోల్టేజి నిలకడపడే వరకు ఆగాలి.

లాప్‌టాపే కొనవలసిన సందర్భాలు

పిల్లవాడు హాస్టలుకు పోతున్నప్పుడు, కాలేజీవారు రోజూ తెమ్మన్నప్పుడు బల్ల కంప్యూటరు ఎంత బాగున్నా పనికిరాదు. మదర్‌బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లు ఉబ్బినా, కారినా దానిమీద ఖర్చు పెట్టరాదు. ర్యామ్ డీడీఆర్ 2 అయితే ఆ మిషను కాలం తీరిందనుకోవాలి. బాగుచేయడానికి అయ్యే మొత్తం కొత్తదాని ధరలో మూడవ వంతు దాటుతున్నదంటే ఆగి ఆలోచించండి. సగం దాటితే మానివేయండి. వట్టిపోయిన ముసలి గేదెకు ఎంత తెలగపిండి పెట్టినా పాలు రావు కదా.

దుకాణంలో జాగ్రత్తలు

విజయనగరమైనా, విశాఖపట్నమైనా రెండు దుకాణాలలో ధర అడగండి. జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు లేనిదే వారంటీ లేదు. బిల్లు మీద సామాను నంబరు వ్రాయించండి. పని మీ ఎదుట చేయించుకోండి. మార్చిన పాత భాగాలను అడిగి తెచ్చుకోండి, ముఖ్యంగా హార్డ్ డిస్కును. అందులో మీ ఇంటి ఫొటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు ఉంటాయి. ఊరు పేరు లేని కంపెనీవి, నమ్మశక్యం కాని చౌక ధరకు పెద్ద సైజు చెప్పేవి కొనవద్దు. పెన్‌డ్రైవులలో, ఎస్.ఎస్.డి.లలో ఇటువంటి మోసం ఉన్నది.

పాత సామాను పశువుల దగ్గర వద్దు

ఈ విషయం మన సభ్యులకు మిగిలినవారికంటె ముఖ్యమైనది. తెగిన తీగలు, మరమేకులు, పాత బ్యాటరీలు పెంటకుప్ప మీద పారవేస్తే మొదట నోరు పెట్టేది పశువే. గేదెలు, ఆవులు మేతను నమలకముందే మింగుతాయి. తీగ ముక్క రెండవ కడుపులో నిలిచి, గోడను పొడుచుకొని, ముందున్న గుండె వరకు పోగలదు. అప్పుడు పశువు మేత మాని, మూలుగుతూ, మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. చాలాసార్లు దక్కదు. యూ.పీ.ఎస్. బ్యాటరీలో సీసం ఉంటుంది. పగిలిన బ్యాటరీని నాకిన పశువుకు సీసపు విషం ఎక్కుతుంది. పదివేలు మిగుల్చుకోబోయి లక్ష రూపాయల గేదెను పోగొట్టుకోవడం ఇటువంటిదే.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇటువంటి సామానును నమోదైన శుద్ధిదారులకే చేర్చాలి. పాత బ్యాటరీని కొత్తది కొనే దుకాణంలోనే తిరిగి ఇచ్చి ధర తగ్గించుకోవచ్చు. తీగలను రాగి కోసం కాల్చవద్దు. ఆ పొగ మనుషులకూ పశువులకూ చెడు చేస్తుంది.

సభ్యులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: "పాత డొక్కు మీద ఇంకా డబ్బులు పోయడమేటి?" అని ఇంట్లో అంటున్నారు. ఏమి చెప్పాలి?
జవాబు: ఎస్.ఎస్.డి. మీద పెట్టిన డబ్బు వృథా కాదని చెప్పండి. పాత మిషను పోయినా దానిని విప్పి ఇంకొకదానిలో వేసుకోవచ్చు. ముందుగా శుభ్రం చేయించి, టాస్క్ మేనేజర్ పరీక్ష చూసి, తర్వాత ఖర్చు పెట్టండి.

ప్రశ్న: రెండూ ఒకేసారి చేయించలేము. ముందు ఏది?
జవాబు: 4 జీబీ ర్యామ్ ఉన్నవారు ముందు ఎస్.ఎస్.డి. వేయించండి. 2 జీబీ మాత్రమే ఉన్నవారికి రెండూ కలిపి చేయిస్తేనే ఫలితం.

ప్రశ్న: వైఫై, కెమెరా లేవు. ఆన్‌లైను పాఠాలు ఎట్లా?
జవాబు: యూ.ఎస్.బి. రంధ్రంలో పెట్టే చిన్న వైఫై ముక్క, కెమెరా విడిగా దొరుకుతాయి. వాటి కోసం లాప్‌టాప్ కొననక్కరలేదు. ఫోనును తీగతో కలిపి దాని ఇంటర్నెట్టును కూడా వాడుకోవచ్చు.

ప్రశ్న: సంఘంలో పాలు తూచే, వెన్న చూసే యంత్రాలకు కలిపిన కంప్యూటరుకు కూడా ఇట్లాగే చేయవచ్చునా?
జవాబు: చేయరాదు. దానిలో సభ్యులందరి లెక్క ఉంటుంది. తూనిక, టెస్టరుతో కలిసే ప్రోగ్రాము కొత్త సిస్టమ్ మీద పనిచేయకపోవచ్చు. యూనియన్ ఇంజనీరుకు వ్రాసి, నకలు తీసిన తర్వాతనే ఎవరైనా చేయి వేయాలి.

బాగుపడిన కంప్యూటరు పిల్లల చదువుకే పరిమితం కానక్కరలేదు. ఒక పట్టిక తెరిచి ఒక్కొక్క గేదెకు ఒక్కొక్క వరుస పెట్టండి. ఎద పట్టిన తేదీ, సూది వేయించిన తేదీ, ఈనిన తేదీ, పూట పూటకు పాలు, దాణా ఖర్చు వ్రాయండి. ఒక ఈత అయ్యేసరికి ఏ పశువు ఇంటిని పోషిస్తున్నదో, ఏది ఇంటిమీద పడి తింటున్నదో తెలుస్తుంది. ఈ ఒక్క లెక్కతో ఒక నష్టపు పశువును గుర్తించినా, బాగుచేతకు పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది.

సంఘ కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా, కంప్యూటరు పని తెలిసిన సభ్యుల పిల్లలు ఊరిలో ఉంటే వారిచేత ఒక ఆదివారం టాస్క్ మేనేజర్ పరీక్ష అందరికీ చేసి చూపించవలసినదిగా కోరుతున్నాము.